వరసలో ఆఖరి మనిషి

ఆరో రోజు పొద్దున్న లాడ్జి మెట్ల మీద కూర్చుని పిట్ట తన చేతివేళ్ళని ఒక్కొక్కటే గిల్లి చూసుకుంది. ఎడమచేతి చిటికెనవేలూ దాని పక్కవేలూ మొద్దుబారిపోయాయి. రోజుకి డెబ్భై కిలోమీటర్ల చొప్పున ఐదు రోజులు హ్యాండిల్ మీద బరువంతా వేసి సైకిల్ తొక్కితే ఎవరి వేళ్ళకైనా అదే గతి. గిల్లితే చర్మం ఎర్రబడుతోంది గానీ నొప్పి తెలియడం లేదు. ఆ మాటకొస్తే ఆమెకి పదకొండు నెలలుగా ఏదీ పెద్దగా తెలియడం లేదు. తింటే రుచి తెలియదు, తడిస్తే చలి తెలియదు, ఎవరైనా జోకు వేస్తే ఎదుటివాళ్ళ మొహం చూశాక నవ్వాలని గుర్తొస్తుంది. అందుకని రెండు వేళ్ళ గురించి ప్రత్యేకంగా బెంగ పెట్టుకోలేదు.

పిట్టకి అసలు పేరు వేరే ఉంది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదని అన్న పెట్టిన ముద్దుపేరు అతుక్కుపోయింది. ముప్పై రెండేళ్ళొచ్చినా, కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పనిలో పదేళ్ళ అనుభవం ఉన్నా, షాపు యజమాని కూడా పిట్టా అనే పిలుస్తాడు.

వదిన రెండు గ్లాసుల టీ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"వేళ్ళెలా ఉన్నాయే?"

"ఉన్నాయి."

"ఉన్నాయని నాకూ కనిపిస్తోంది. పనిచేస్తున్నాయా అని."

"బ్రేకు పట్టుకోడానికి సరిపోతాయిలే."

వదిన ఒక గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. ఒకప్పుడైతే ఆ పాటి మాట దొరికితే గంటసేపు ఆటపట్టించేది. ఇప్పుడు ఇద్దరూ అవసరమైనంత మాట్లాడుకుని ఊరుకుంటున్నారు. టైర్లలో గాలి, సీసాల్లో నీళ్ళు, రాత్రికి బస. వదిన పనిచేసేది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట. పొద్దున్న ఎన్ని దుప్పట్లు లోపలికి వెళ్ళాయి, సాయంత్రానికి ఎన్ని బయటికి వచ్చాయి అని చూసి సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. ఒక్క దుప్పటి తగ్గినా యంత్రాలు ఆపించి వెతికించే మనిషి.

ఊళ్ళో బయల్దేరి చుట్టూ తిరిగి మళ్ళీ ఇంటికే చేరే ఈ తొమ్మిది రోజుల దారి అన్న గీసింది. సైకిళ్ళు బాగుచేసే కొట్లో, గోడకి అంటించిన మ్యాపు మీద, పెన్సిలుతో. ముగ్గురూ కలిసి వెళ్ళాలని గీశాడు. దానికి ముందు కాళ్ళు అలవాటు పడాలని ముగ్గురూ ఒక ఆదివారం పొద్దున్న బయల్దేరారు. అందులో ఇద్దరే తిరిగి వచ్చారు. పదకొండు నెలలయ్యాక వదిన ఆ మ్యాపు గోడ మీంచి ఊడబీకి మడతపెట్టి, "నేను వెళ్తున్నాను" అంది. ఒక్కదాన్నే పంపడానికి అమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పటికి నెల రోజులుగా వదిన పిల్లదాన్ని నిద్రపుచ్చి వీధి తలుపు తీసుకుని గుమ్మంలో నిలబడుతోంది. ఎందుకమ్మా అంటే, వస్తాడేమోనని అంటుంది, చాలా మామూలుగా. అందుకని పిట్ట కూడా సెలవు పెట్టి బయల్దేరింది. ఏడేళ్ళ మేనకోడలు గేటు దగ్గర పట్టుకుని ఒకే ఒక్క మాట అడిగింది. "అత్తా, అమ్మని తీసుకొచ్చేస్తావుగా?"

తీసుకొచ్చేస్తానని పిట్ట మాటిచ్చింది. ఆ మాట ఒక్కటే ఆమెకి ఇప్పుడు బరువుగా తెలుస్తోంది.

ఆ రోజు దారంతా ఎక్కుడే. పాత రైలుమార్గం పట్టాలు పీకేసి, కంకర పరిచి సైకిళ్ళకి వదిలేశారు. ముందు పిట్ట, వెనక వదిన. ఎప్పుడూ అదే వరస. పిట్ట కళ్ళు చురుకైనవి, గుంటలు ముందే చూస్తుందని అన్న ఆమెని ముందు పెట్టేవాడు. నడుమ వదిన. తను మాత్రం ఎప్పుడూ ఆఖరునే. "దారి తెలిసినవాడు వెనక ఉండాలి. ముందున్నవాడికి అన్నీ కనిపిస్తాయి, మనుషులు తప్ప" అనేవాడు. ఊళ్ళో సైకిళ్ళన్నీ బాగుచేసే ఆ మహానుభావుడి సొంత సైకిల్ వెనక మడ్‌గార్డు మాత్రం ఏళ్ళ తరబడి టకటకా కొట్టుకుంటూనే ఉండేది. ఎప్పుడడిగినా రేపు బిగిస్తాననేవాడు.

ముగ్గురికీ ఒక పద్ధతి ఉండేది. సైకిల్ మీద ఉండగా వెనక్కి తిరిగి చూడకూడదు. మెడ ఎటు తిరిగితే హ్యాండిల్ అటే తిరుగుతుందని అన్న నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేవాడు. చూడకుండా అందరూ ఉన్నారని తెలియాలంటే లెక్క పలకాలి. మలుపు దాటినప్పుడో, మంచులోంచి బయటపడ్డప్పుడో ముందున్న పిట్ట "ఒకటి" అని అరవాలి. వెనక వదిన "రెండు" అనాలి. ఆఖరున అన్న "మూడు, అంతే" అనాలి. అంతే అన్న మాట ఆఖరి మనిషిది. అది వినబడితే వరస పూర్తయినట్టు, దిగులు లేకుండా ముందుకి సాగిపోవచ్చు. వినబడకపోతే ముందున్నవాడు ఆగి తీరాలి. పిల్లలాటలా ఉంటుంది గానీ నాలుగేళ్ళు ఆ పద్ధతి వాళ్ళని కాపాడింది.

ఆ ఆదివారం పొద్దున్న వదినకీ అన్నకీ చిన్న తగువు. టిఫిన్ డబ్బా ఎవరు మర్చిపోయారన్న దాని మీద. వదిన మూతి ముడుచుకుని తొక్కుతోంది. మంచు దట్టంగా ఉంది. ఒక పెద్ద మలుపు దాటాక పిట్ట "ఒకటి" అంది. వదిన, మొగుణ్ణి ఉడికించడానికి, "రెండు, అంతే!" అని గట్టిగా అరిచింది. వరసలోంచి తీసేశాను పో అన్నట్టు. పిట్ట పడీ పడీ నవ్వింది. వెనకనుంచి ఉక్రోషంగా ఏదో ఒక కేక వస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు. రాలేదు. అలిగాడనుకున్నారు. అలా నవ్వుకుంటూ నాలుగు కిలోమీటర్లు పోయారు. అప్పటికే అతను మలుపు అవతల, ఒక లారీ తోసేసి వెళ్ళిపోయిన చోట, పక్క కాలవలో పడి ఉన్నాడు. అరగంట ముందు తెచ్చి ఉంటే బతికించేవాళ్ళమని డాక్టరు అన్నాడు.

ఆ సంగతి ఇద్దరూ ఇంతవరకూ నోరెత్తి మాట్లాడుకోలేదు. కానీ ఈ ప్రయాణం మొదటి రోజే, మొదటి మలుపులోనే, పిట్ట "ఒకటి" అంటే వదిన "రెండు" అని ఊరుకుంది. అంతే అనలేదు. ఇప్పుడు ఆఖరి మనిషి తనే అయినా అనలేదు. ఆరు రోజులుగా ప్రతి మలుపులోనూ వరస అలా తెరిచే ఉంచేస్తోంది. పిట్ట అడగలేదు. ఆ ఖాళీ కాసేపు వింటుంది, తర్వాత తొక్కుతుంది.

పదకొండు దాటాక సొరంగం దగ్గరికి చేరారు. మొగదల ఇనప గేటు, పక్కన రేకుల గది, గది ముందు ఎండలో కుర్చీ వేసుకుని ఊలు అల్లుకుంటున్న ఒక పెద్దావిడ. ఆవిడే గేటు మనిషి. లోపలికి వెళ్ళేవాళ్ళెంతమందో పలక మీద రాసి, అవతలి గేటుకి ఫోన్ చేసి చెప్పడం ఆవిడ పని.

"ఎంతమంది?"

"ఇద్దరం" అంది పిట్ట.

వదిన వచ్చిన దారివైపు చూస్తూ నిలబడింది.

"పదిహేడు వందల మీటర్లు. నడుమ వంపుంది. ఆ వంపులో అటు వెలుతురూ రాదు, ఇటు వెలుతురూ రాదు. లైట్లు ఉన్నాయిగా? ఆగకుండా పోండి. గట్టిగా అరవకండమ్మా, పాత కప్పు, పెచ్చులు రాలతాయి" అంది పెద్దావిడ, కుట్లు లెక్కపెట్టుకుంటూనే.

మొగ పక్కన గోడలో ఒక నల్లరాయి పలక ఉంది. దాని మీద పేర్లు లేవు. అంకెలు చెక్కి ఉన్నాయి. మూడు, నాలుగు, ఐదు... అలా వరసగా ముప్పైమూడు దాకా. లెక్కలు చూసే మనిషి కదా, వదిన వెంటనే పట్టుకుంది.

"పేర్లు రాయలేదేం?"

"పేర్లెవరికి తెలుసు తల్లీ? తవ్వకానికి వచ్చినవాళ్ళ మెడలో నంబరు బిళ్ళ వేసేవాళ్ళట. పని దిగేవేళ ఇక్కడ వరసగా నిలబెట్టి నంబర్లు పలికించేవాళ్ళు. అందరూ పలికాకే గేటు తీయడం. కప్పు కూలిన రోజు పలికించే మేస్త్రీ కూడా లోపలే ఉండిపోయాడు. ఇంకెవరు పలికిస్తారు?"

"మూడు నుంచి మొదలైందేం? ఒకటీ రెండూ ఏవి?"

"ఆ ఇద్దరూ ఆ రోజు పనికి రాలేదట. బతికిపోయారు." పెద్దావిడ గేటు గడియ తీసింది. "పదండి, ఎండెక్కుతోంది."

లోపలికి వెళ్ళగానే చల్లదనం మొహానికి తగిలింది. తడిసిన సున్నం వాసన, దాని అడుగున పాత ఇనుము వాసన. కప్పునుంచి నీటిబొట్లు ఒకటొకటిగా రాలుతున్నాయి. కొన్ని కంకర మీద, కొన్ని హెల్మెట్ మీద. టైర్ల కింద తడి కంకర చప్పుడు గోడలకి కొట్టుకుని, ఇద్దరు వెళ్తుంటే పదిమంది వెళ్తున్నట్టుగా ఉంది. పిట్ట సైకిల్ లైటు ముందు పది అడుగులు చూపించి అక్కడితో ఆగిపోతోంది. వెనక మొగలోంచి వచ్చే పగటి వెలుతురు గోడల మీద కాసేపు తోడొచ్చింది. తరువాత బూడిదరంగుకి మారింది. తరువాత వంపు మొదలైంది.

వంపులోకి తిరిగాక ఒక్కసారిగా చీకటి కమ్మేసింది. బయట మిట్టమధ్యాహ్నం కావస్తోందన్న సంగతి నమ్మబుద్ధి కాలేదు.

అలవాటు చొప్పున పిట్ట పలికింది. అరవలేదు, మామూలు గొంతుతోనే.

"ఒకటి."

"రెండు" అంది వదిన, నాలుగు గజాల వెనకనుంచి.

ఎప్పటిలాగే ఖాళీ. బొట్లు రాలుతున్నాయి. పిట్ట ఆ ఖాళీని విని, పెడల్ మీద కాలు నొక్కబోయింది.

"మూడు."

మెల్లగా. దూరంనుంచి. మగగొంతు.

పిట్టకి ముందు వచ్చిన ఆలోచన గోడల గురించి. గోడలు మాటని తిప్పికొడతాయి. కానీ రెండుని మూడు చేసి తిప్పికొట్టే గోడ లోకంలో ఉండదు. తనకి భయం వేయాలని ఆమెకి తెలుసు. గుండె ఝల్లుమనాలి. ఏమీ కాలేదు. మొద్దుబారిన రెండు వేళ్ళలాగే లోపల కూడా ఏదో గిల్లితే ఎర్రబడింది, అంతకుమించి తెలియలేదు.

ఆ మాట వెనకే టకటకమని చప్పుడు వచ్చింది. వదులు మడ్‌గార్డు. ఆ సైకిల్‌ని తుక్కు బండిలోకి పిట్ట స్వయంగా ఎత్తి పడేసింది. చక్రం వంగిపోయి, దొర్లక, మోసుకెళ్ళాల్సొచ్చింది. ఇప్పుడా చప్పుడు చక్కగా, ఒక తీరున దొర్లుకుంటూ వస్తోంది. సున్నం వాసనలో కొత్త వాసన కలిసింది. పంక్చర్ అతికించే సొల్యూషన్ వాసన, గ్రీజు వాసన. అన్న చొక్కాల్లో ఎన్నిసార్లు ఉతికినా పోని వాసన.

పిట్ట మిగతా మాట కోసం ఎదురుచూసింది. అన్న మూడు అన్నాడంటే వెంటనే అంతే అంటాడు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ రెండు మాటల మధ్య ఊపిరి తీసుకోలేదు.

అంతే అనలేదు.

"నాలుగు" అంది ఇంకో గొంతు.

ముసలి గొంతు. దుమ్ము మింగినట్టు బొంగురుగా ఉంది.

"ఐదు."

"ఆరు."

ఆరో గొంతు మరీ లేతది. మీసం రాని గొంతు. ఒక్కో అంకె వచ్చేసరికి ఆ మనిషి కొంచెం దగ్గరవుతున్నట్టుంది. టకటక వెనక ఇప్పుడు అడుగుల చప్పుడు. తడి కంకర మీద ఉత్త పాదాలు. చాలా పాదాలు. తొందర లేదు వాటికి. పని దిగి ఇంటికి పోయేవాళ్ళ నడక.

"ఏడు... ఎనిమిది..."

వెనక వదిన బ్రేకు కిర్రుమంది.

పిట్టా ఆగింది. రెండు కాళ్ళూ నేల మీద పెట్టింది. వెనక్కి తిరగలేదు. లైటు వెలుగులో తడిగోడ చూస్తూ గుసగుసగా అంది.

"వదినా. ఎందుకాగావు?"

"వినబడలేదుటే?" వదిన గొంతులో ఏడుపు లేదు, సంతోషం కూడా లేదు. దుప్పట్ల లెక్క సరిపోయినప్పటి గొంతు. "వస్తున్నాడు. మీ అన్న."

"ఆ వెనకవాళ్ళు ఎవరు మరి?"

"ఎవరైతే ఏం? ఆయన ఉన్నాడుగా."

"అంతే అనలేదు వదినా. విన్నావా? ఆ మాట అనలేదు."

"ఎలా అంటాడు? నేనే ఆ మాట లాగేసుకున్నాను. ఆ రోజు." వదిన సైకిల్ స్టాండ్ వేసిన చప్పుడు అయింది. "నేను వరస మూసేశాను. మూసేస్తే ఎలా వస్తాడు? అందుకే ఆరు రోజులుగా తెరిచి ఉంచాను. నువ్వు పద పిట్టా. నేను ఆయన్ని తీసుకుని వస్తాను."

"తొమ్మిది... పది..."

పదకొండు నెలలుగా ఇద్దరూ గొంతులో అదిమిపెట్టుకున్న మాట బయటికి వచ్చింది, రాక రాక ఇక్కడ వచ్చింది. పిట్ట సైకిల్‌ని గోడకి వాల్చింది. వెనక్కి రెండడుగులు వేసింది, మెడ తిప్పకుండా, చేత్తో తడుముకుంటూ. వదిన మణికట్టు దొరికింది. మంచుముక్కలా ఉంది. లేదా తన వేళ్ళకే తెలియడం లేదేమో.

"నేనూ నవ్వాను" అంది పిట్ట. "నువ్వు అన్నావు, నేను నవ్వాను. నువ్వొక్కదానివే కాదు. వింటున్నావా? కానీ వీళ్ళు మన వరస కాదు వదినా. ఆ రాయి మీద మూడు నుంచి మొదలైంది. గుర్తుందా? ఒకటీ రెండూ లేవు. మనం ఒకటీ రెండూ పలికాం. తెరిచి ఉంచాం."

పిట్ట ఆ మణికట్టు వదల్లేదు.

"వరస మూసెయ్. ఆ మాట అను."

"నా చేత అనిపించకే." ఇప్పుడు ఏడుపు వచ్చింది వదినకి. "ఒకసారి అన్నాను. చాలదుటే? మళ్ళీ అదే మాట నా నోటితో ఎలా అనను పిట్టా?"

"పద్నాలుగు... పదిహేను..."

మూడో గొంతు మాత్రం మళ్ళీ పలకడం లేదు. దాని బదులు టకటక. అదీ ఆగింది. సరిగ్గా వదిన వెనక. సొల్యూషన్ వాసన ముక్కు పగిలేలా ఉంది.

పిట్టకి ఏమీ అనిపించలేదు. తల మాత్రం పనిచేసింది. అంతే అనే హక్కు ఆఖరి మనిషిది. వదిన అనదు. అయితే వదిన ఆఖరున ఉండకూడదు.

"నువ్వు ముందుకి రా. నా సైకిల్ తీసుకో. నా లైటు గట్టిది. నీ సైకిల్ మీద నేను వెనక వస్తాను. ఆ మాట నేనంటాను. నేనే అంటాను, సరేనా? నీకు సంబంధం లేదు."

"మీ అన్నని?"

"అవును. మా అన్ననే." పిట్ట వదినని ముందుకి లాగింది. "ఇంటి దగ్గర ఒకత్తి ఎదురుచూస్తోంది. దానికి నేను మాటిచ్చాను. పద."

వదిన కదిలింది. తన ఇష్టంతో కాదు, బట్టల మూటలాగా. ఎక్కించి, హ్యాండిల్ చేతిలో పెట్టి తోస్తే తొక్కడం మొదలుపెట్టింది. పిట్ట వదిన సైకిల్ స్టాండ్ తీసి ఎక్కింది. వీపుకి చల్లగాలి తగిలింది. గాలి కాదు... ఎవరో బాగా దగ్గరగా నిలబడి, ఊపిరి వదలకుండా ఉన్నారు.

"ఒకటి అను వదినా."

వదిన తొక్కుతూనే ఉంది.

"వదినా!"

"ఒకటి" అంది వదిన, ఏడుస్తూ.

వెనక గొంతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అన్నీ వింటున్నాయి.

పిట్ట నోరు తెరిచింది. ఆ రోజు తను ఎలా నవ్విందో గుర్తొచ్చింది. కడుపు పట్టుకుని, హ్యాండిల్ అటూ ఇటూ ఊగేలా.

"రెండు" అంది. "అంతే."

నీటిబొట్లు ఆగాయి. నిజంగా ఆగాయి. తన టైరు చప్పుడు తప్ప ఆ సొరంగంలో ఏ చప్పుడూ లేదు.

అప్పుడు, ఎడమ చెవి వెనక, గోముగా, చిన్నప్పుడు నిద్రలేపేటప్పటి గొంతుతో...

"పిట్టా."

తిరిగి చూడలేదు. మెడ బిగదీసుకుని తొక్కింది. మెడ ఎటు తిరిగితే హ్యాండిల్ అటే తిరుగుతుంది. చెప్పినవాడే పిలుస్తున్నాడు. అయినా తిరగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయని చాలాసేపటికి తెలిసింది. అవి కూడా ఎవరివో అన్నట్టుగానే ఉన్నాయి.

వంపు దాటింది. దూరంగా నాణెమంత వెలుతురు కనిపించింది. అది గిన్నె అయింది, కిటికీ అయింది, తలుపు అయింది. ఇద్దరూ ఎండలోకి వచ్చి పడ్డారు.

అవతలి గేటు మనిషి బక్కపలచని మగవాడు. రేడియో పక్కన పెట్టుకుని రొట్టె తింటున్నాడు. వీళ్ళని చూసి, నములుతూనే పలక అందుకున్నాడు.

"ఇద్దరేగా? ఇందాక ఫోన్ చేశారు." లోపలికి తొంగి చూశాడు. "అంతేనా?"

ఇద్దరూ జవాబు చెప్పలేదు. వాళ్ళ మొహాలు చూసి మళ్ళీ అడగడానికి అతనికి మొహమాటం వేసినట్టుంది. రెండు గీతలు కొట్టేసి, గేటు వేసి, గడియ పెట్టి రొట్టె దగ్గరికి పోయాడు. ఇనప గడియ పడ్డ చప్పుడు వింటే పిట్టకి కాస్త ఊరట కలిగింది. వదిన రెండు గుక్కల నీళ్ళు తాగింది. సీసా మూత బిగిస్తూ, "పద" అంది. సైకిళ్ళు మార్చుకుందామని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

అక్కణ్ణుంచి దిగుడు. రెండు పక్కలా ఎండిన గడ్డి, తెల్లటి దుమ్ము దారి, నెత్తిన ఎండ. వదిన ముందు, పిట్ట వెనక. పిట్ట ఎడమచేతి వేళ్ళలో సూదులు గుచ్చినట్టు నొప్పి మొదలైంది. తిమ్మిరి వదులుతోంది. ఆ నొప్పి ఆమెకి బాగుంది. ఇంకో మూడు రోజులు, అనుకుంది. మూడు రోజుల్లో వదినని ఇంటి గేటు దగ్గర దింపి, ఇదిగో మీ అమ్మ అని అప్పజెప్పేస్తే నా పని అయిపోతుంది. ఆ తరువాత కూర్చుని ఏడవచ్చు. తీరిగ్గా ఏడవచ్చు. వదినతో కలిసి కూడా ఏడవచ్చు.

వదిన వీపు నిటారుగా ఉంది. పదకొండు నెలల్లో ఆ వీపు అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. ఏడుపు మంచే చేసిందని పిట్ట సంబరపడింది.

సొరంగంలో తడిసిన టైర్లు దుమ్ములో గీత వదులుతున్నాయి. వదిన టైరు గీత పట్టుకుని పిట్ట తొక్కుతోంది. గుంటలు చూడడం అలవాటైన కళ్ళు కదా, కాసేపటికి పట్టేశాయి. వదిన తొక్కుతున్న సైకిల్ ముందు చక్రం అవతల, వదిన ఇంకా చేరుకోని చోట, దారి మీద అప్పటికే ఒక తడిగీత ఉంది. ఎండకి ఆరలేదు. ముందుకి, మలుపు దాకా పోతోంది. దారి మీద మనిషన్నవాడు లేడు.

గాలి ఇటు తిరిగింది. ముందునుంచి చప్పుడు వచ్చింది. టకటక. టకటక.

ముందునుంచి.

అన్న జన్మలో ఎప్పుడూ ముందు తొక్కలేదు.

మలుపు వచ్చింది. వదిన తిరిగింది, పిట్టా తిరిగింది. మలుపు దాటాక లెక్క పలకాలి. వరసలో ముందున్నవాళ్ళు మొదలుపెట్టాలి. వదిన ఒకటి అనాలి. పిట్ట ఎదురుచూసింది. వదిన పలకలేదు. ఎవరి మాటో వింటున్నట్టు తల కాస్త పక్కకి వంచింది. తరువాత హాయిగా, గొంతెత్తి, పెళ్ళైన కొత్తల్లో పిలిచేటంత ముద్దుగా పలికింది.

"రెండు!"

పదకొండు నెలల తరువాత పిట్టకి భయం వేసింది. పూర్తిగా వేసింది. అరికాళ్ళనుంచి నెత్తి దాకా, ఒక్క వేలు కూడా మిగలకుండా. అంతే అంటే వరస మూసుకుంటుంది, ఆ ముందున్నది ఏదో అది కూడా వరసలోనే ఉండిపోతుంది, ఇంటి గేటు దాకా. అనకపోతే వెనక ఆ సొరంగంలోవాళ్ళకి తెరిచే ఉంటుంది.

"పిట్టా, పలకవే" అంది వదిన, నవ్వుతూ, వెనక్కి తిరగకుండా. "ఆయన ఎదురుచూస్తున్నాడు. రెండు!"

"మూడు" అంది పిట్ట.